ఆఫీసు పనిలో ఏం వినాలి, దొరికిన పది నిమిషాల్లో ఏం చేయాలి?

"పని చేసుకుంటూ వినడానికి మంచి పాటలు చెప్పండి" అని అడిగేవాళ్లు నా చుట్టూ ఎప్పుడూ ఉంటారు. దాని వెంటే రెండో ప్రశ్న వస్తుంది: "ఇంటికొచ్చాక టైమే ఉండట్లేదు, ఉన్న కాస్తా ఫోన్ తినేస్తోంది, ఏం చేయాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి, ఇక అంతా ఒకచోట రాసేద్దామని కూర్చున్నాను.

ముందే ఒక మాట. ఇక్కడ యాభై పాటల జాబితా ఉండదు. మీకు నచ్చే పాట నాకేం తెలుసు? పైగా చిక్కు పాటలు దొరకకపోవడంలో లేదు, పని మధ్యలో పాట వెతకడంలో ఉంది. మెయిల్ రాద్దామని కూర్చుంటాం. ఒక పాట పెట్టుకుందామని ఫోన్ తీస్తాం. ఇది కాదు, అది కాదు అనుకుంటూ పన్నెండు నిమిషాలు గడిచాక చూస్తే మెయిలూ లేదు, పాటా లేదు. సాయంత్రం తీరికదీ ఇదే కథ. అందుకే ఎంచుకునే పనంతా సెలవు రోజున ఒక్కసారే ముగించి, పనిరోజున ఒక బటన్ నొక్కడం తప్ప ఏమీ మిగలకుండా చేసుకోవాలి. కింద చెప్పేదంతా అందుకే.

కావలసినవి

- సెలవు రోజున ఒక గంట. రెండు విడతల్లో చేసినా ఫరవాలేదు.
- చిన్న కాగితం, పెన్ను. ఫోన్‌లో రాసుకుంటానంటారా, మీ ఇష్టం. కానీ ఫోన్ తీస్తే ఏమవుతుందో పైనే చెప్పుకున్నాం.
- మీరు ఇప్పటికే వాడే పాటల యాప్ ఏదైనా సరే. స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్, లేదా పాత ఎంపీత్రీలు ఉన్న ఫోల్డర్.
- ఇయర్‌ఫోన్లు. బ్లూటూత్‌వి వాడుతున్నా, వైరు ఉన్నవి ఒక జత డ్రాయర్‌లో ఉంచండి. అవి పని చేయడానికి మీ ఫోన్‌కో లాప్‌టాప్‌కో సరిపడే రంధ్రం ఉందో లేదో ముందే చూసుకోండి.
- గడియారం. ఫోన్ గడియారం కాకుండా వేరేది ఉంటే మరీ మంచిది.

1. మూడు పనిరోజులు మీ పనిని గమనించండి

పాటల దగ్గరికి ఇప్పుడే వెళ్లకండి. మూడు రోజుల పాటు, ఏ గంటలో ఏ రకం పని చేశారో కాగితం మీద ఒక్క అక్షరంతో గుర్తు పెట్టుకోండి.

మాటల పనికి "మా". చదవడం, రాయడం, మెయిళ్లు, రిపోర్టులు, కోడ్ అన్నీ ఇందులోకే వస్తాయి. చేతి పనికి "చే". ఎంట్రీలు, ఫైళ్లు సర్దడం, ఎక్సెల్‌లో రంగులు వేయడం, ఫార్మాట్ సరిచేయడం. మనుషులతో పనికి "మ", అంటే మీటింగులు, ఫోన్లు. దారికి "దా", అంటే ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి.

మూడు రోజులయ్యాక ఆ కాగితం చూస్తే చాలామందికి ఆశ్చర్యం వేస్తుంది. రోజంతా రిపోర్టులే రాస్తున్నాం అనుకున్నవాళ్లకు సగం "మ"లే కనిపిస్తాయి. "మ" ఉన్న చోట పాటలకు చోటే లేదు. కాబట్టి మీకు ఎనిమిది గంటల సంగీతం అక్కర్లేదు, బహుశా రెండు గంటలది చాలు. వెతకాల్సిన భారం అప్పుడే తగ్గిపోయింది.

2. పనికి తగ్గ సంగీతాన్ని విడదీయండి

కాస్త నిదానంగా చదవాల్సిన అడుగు ఇది.

*మాటల పనికి మాటలు లేని సంగీతం.* బుర్ర ఒక మాటల వరస చదువుతుంటే చెవిలో ఇంకో మాటల వరస పడకూడదు. రెండూ ఒకే గుమ్మంలోంచి లోపలికి రావాలి మరి. చరణంలోని మాట మెయిల్‌లోకి వచ్చి పడిందంటే కారణం అదే. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. చాలామంది పొరపాటు పడేది దీని తర్వాత: సినిమా పాటల వాయిద్య రూపం పెట్టుకుని, "మాటలు లేవుగా" అనుకుంటారు. మీకు కంఠతా వచ్చిన పాటను వేణువు మీద వాయించినా, మాటలు మీరే లోపల అందుకుంటారు. కృతులకూ ఇంతే. సాహిత్యం తెలిసిన కీర్తన వీణ మీద వినిపించినా మనసు పాడేస్తూనే ఉంటుంది.

మరి ఏం వినాలి? కర్ణాటక సంగీతంలో నా మొదటి సిఫార్సు వీణ మీద తానం. రాగం, తానం, పల్లవి అనే వరసలో మధ్యలో వచ్చేది ఇదే. దానికి సాహిత్యం ఉండదు, తాళం కట్టుబాటూ ఉండదు, అయినా లోపల ఒక నడక ఉంటుంది. ఆ నడకే పనిని ముందుకు తోస్తుంది. ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబు వీణతో మొదలుపెట్టండి. వేణువు కావాలంటే ఎన్. రమణి. హిందుస్తానీలో హరిప్రసాద్ చౌరాసియా వేణువు, శివకుమార్ శర్మ సంతూర్ (చిన్న పుల్లలతో వాయించే తీగల వాయిద్యం). ఇద్దరూ కలిసి వాయించినవీ ఉన్నాయి. అటు పడమటి సంగీతం అలవాటున్నవాళ్లకు ఒంటరి పియానో, ఒంటరి గిటార్, ఒంటరి చెల్లో బాగుంటాయి. "ఒంటరి" అన్నది గమనించండి. వాయిద్యాలు పెరిగేకొద్దీ చెవి ఏదో ఒకదాని వెంట పడుతుంది.

రెండు జాగ్రత్తలు. హిందుస్తానీ వాయిద్య కచేరీ నిదానంగా ఆలాప్‌తో మొదలై, జోడ్‌లో నడక అందుకుని, ఝాలాకు వచ్చేసరికి పరుగులు తీస్తుంది. మొదటి పది నిమిషాలు విని "ఎంత ప్రశాంతంగా ఉందో" అని పెట్టుకుంటే, నలభయ్యో నిమిషానికి రిపోర్టు వదిలేసి బల్ల మీద వేళ్లతో తాళం వేస్తుంటారు. మాటల పనికి ఆలాప్, జోడ్ వరకే ఉంచి, మిగతాది చేతి పని జాబితాలోకి మార్చండి. అలాగే కర్ణాటక కచేరీ రికార్డింగ్‌లో ప్రధాన కీర్తన చివర తని ఆవర్తనం, అంటే తాళ వాయిద్యాలు విడిగా వాయించే భాగం, వస్తుంది. మృదంగం ఒక్కటే మాట్లాడుతుంటే ఇంకో పని చేయడం ఎవరి తరమూ కాదు. చేయకూడదు కూడా! అది ఆదివారానికి దాచుకోండి.

*చేతి పనికి మాటలున్నా ఫరవాలేదు.* వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేటప్పుడు బుర్రకు విసుగు పుడుతుంది, తప్పులు దొర్లేది ఆ విసుగులోనే. ఇక్కడ మీకు నచ్చిన పాటలు, పదిసార్లు విన్న పాటలు, హుషారైనవి వేసుకోండి. కొత్తవి వద్దు. కొత్త పాట వస్తే "ఇది ఎవరు పాడారబ్బా" అని చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. వాయిద్యంలో కావాలంటే మాండొలిన్ శ్రీనివాస్, సాక్సోఫోన్ మీద కద్రి గోపాల్‌నాథ్. తిల్లానాలు కూడా పెట్టండి. వాటిలో ఎక్కువ భాగం జతులే, అంటే తాళానికి పలికే అర్థం లేని అక్షరాలే కాబట్టి అర్థం వెంట మనసు పోదు.

ఇలాంటి పనికి పాటలు పెట్టడం కొత్త సంగతేం కాదు. 1940 జూన్‌లో బీబీసీ రేడియో ఫ్యాక్టరీ కార్మికుల కోసం పొద్దున ఒక అరగంట, మధ్యాహ్నం ఒక అరగంట పాటల కార్యక్రమం మొదలుపెట్టింది. రోజంతా మోగించలేదు, విసుగు పుట్టే వేళల్లో అరగంట చొప్పున వేసింది. అందులో ఒక పాటను నిషేధించారు కూడా. పాట మధ్యలో చప్పట్లు వచ్చే చోట కార్మికులు చేతిలో ఉన్న పనిముట్లతో బాదడం మొదలుపెట్టారట. మీ జాబితాలో అలాంటి పాట ఏదో మీకే తెలుసు. దాన్ని తీసేయండి, పక్కసీటువాళ్లు సంతోషిస్తారు.

*దారికి మీ ఇష్టం.* వెళ్లేటప్పుడు మోహనం, హంసధ్వని లాంటి రాగాలు ఒంటికి చురుకు ఇస్తాయి. కచేరీ మొదట్లో పాడే వర్ణాలు కూడా అంతే. తిరిగి వచ్చేటప్పటి సంగతి ఆరో అడుగులో చెబుతాను. బండి నడిపేవాళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకోకండి. ఇందులో బేరం లేదు.

3. వేగం లెక్కపెట్టి చూడండి

పాట పెట్టి, కాలు దానంతట అది ఆడే చోట దెబ్బలు లెక్కపెట్టండి. పదిహేను సెకన్లలో ఎన్ని వచ్చాయో నాలుగుతో హెచ్చవేస్తే నిమిషానికి ఎన్నో తెలుస్తుంది. అరవై నుంచి ఎనభై మధ్య అయితే మాటల పనికీ, రాత్రికీ. వంద నుంచి నూట ఇరవై వరకు చేతి పనికి. చురుగ్గా నడవడానికి వంద దాటినవి బాగుంటాయి. మామూలుగా వేగం అందుకున్న నడక నిమిషానికి వంద అడుగుల దగ్గరే ఉంటుంది.

ఇవి గీత గీసినట్టు ఉండే లెక్కలు కావు. ఒకే పాటను మీరు అరవైగా లెక్కపెడితే మీ స్నేహితుడు నూట ఇరవైగా లెక్కపెట్టొచ్చు, ఇద్దరూ తప్పు కాదు. అలాంటప్పుడు కాలు ఏది చెబితే అదే నమ్మండి. ఆలాప్, తానం లాంటివాటికి ఈ లెక్క పని చేయదు, వదిలేయండి.

4. జాబితాలు కట్టండి

మూడే జాబితాలు: మాటల పని, చేతి పని, దారి. పేర్లు కూడా అవే పెట్టండి. "మూడ్", "వైబ్స్" అని పేర్లు పెడితే, నొక్కే ముందు నా మూడ్ ఏంటా అని ఆలోచనలో పడతారు. పని పేరు పెడితే ఆలోచన అక్కర్లేదు, ఎదురుగా ఏ పని ఉందో కనిపిస్తూనే ఉంటుంది.

ఒక్కో జాబితా 45 నిమిషాలకు మించనివ్వకండి. మూడు గంటలది కట్టుకుంటే అది ఎప్పటికీ అయిపోదు, మీరూ లేవరు. చిన్నదైతే అయిపోవడమే గంట కొట్టినట్టు. నీళ్లు తాగడానికీ, కిటికీలోంచి దూరంగా చూడటానికీ, ఒళ్లు విరుచుకోవడానికీ అదే గుర్తు.

తర్వాత ఈ సెట్టింగులు సరిచూసుకోండి:

- ఆటోప్లే ఆపేయండి. ఆపకపోతే మీ జాబితా అయిపోగానే యాప్ తనకు తోచింది వేస్తూ పోతుంది. అన్నిటికంటే ముఖ్యమైన సెట్టింగ్ ఇదే.
- పాటలు డౌన్‌లోడ్ చేసి ఉంచండి. ఆఫీసు వైఫై మొరాయిస్తే పాట కోసం మళ్లీ వెతుకులాట మొదలు.
- అన్ని పాటలూ ఒకే శబ్దంతో వచ్చే నార్మలైజ్ ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. పాత రికార్డింగ్ తర్వాత కొత్త పాట చెవిలో పేలకుండా ఉంటుంది.
- స్పాటిఫైలో ప్రైవేట్ సెషన్ అని ఒకటి ఉంది. ఇంట్లో పిల్లలు మీ ఫోన్‌లో పాటలు వినేటప్పుడు అది ఆన్ చేస్తే, మర్నాడు మీకు చిన్నపిల్లల పాటల సిఫార్సులు తగ్గొచ్చు.

డబ్బు కట్టని ఖాతా అయితే ప్రకటనలు వస్తాయి. చేతి పనికి అవి ఇబ్బంది పెట్టవు కానీ, మాటల పనిలో అమ్మేవాడి గొంతు వచ్చి పడితే అంతకుముందు కుదిరిన ధ్యాసంతా పోతుంది. అందుకని మాటల పనికి మాత్రం మీ దగ్గరున్న ఎంపీత్రీలనే వాడండి. వీఎల్‌సీ ప్లేయర్‌లో ప్రకటనలు ఉండవు. పాత ఫోన్ ఏదైనా మూలన పడి ఉంటే అందులో సిమ్ తీసేసి, ఈ పాటలు వేసి, పాటల పెట్టెగా వాడుకోవడం అన్నిటికంటే మేలు. దాంట్లో మెసేజీలు రావు.

5. మధ్యలో నిశ్శబ్దం ఉంచండి

జాబితా అయిపోయాక కనీసం పావుగంట ఏమీ పెట్టుకోకండి. ఇది నేను పెద్దగా పట్టించుకోని అడుగు, చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. 2006లో లూచానో బెర్నార్డి అనే పరిశోధకుడి బృందం 24 మందికి రకరకాల సంగీతం వినిపిస్తూ మధ్యలో రెండు నిమిషాలు ఆపి చూసింది. గుండె వేగం, రక్తపోటు ఆ ఆపిన రెండు నిమిషాల్లోనే బాగా తగ్గాయి, పాట మొదలుకాక ముందున్న స్థాయి కన్నా కిందికి. పాట విన్న హాయి, పాట ఆగాక తెలుస్తుందన్నమాట.

ఇంకో తప్పు కూడా చూస్తుంటాను. పాట అయిపోయినా ఇయర్‌ఫోన్లు చెవుల్లోనే ఉంచుకుంటారు. అవి తీసి బల్ల మీద పెట్టండి. చెవికీ గాలి ఆడుతుంది, మిమ్మల్ని పిలవొచ్చని పక్కవాళ్లకూ తెలుస్తుంది.

6. శబ్దం, మీటింగులు, ఇంటి దారి

శబ్దం సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే హద్దు వారానికి 80 డెసిబెళ్ల దగ్గర 40 గంటలు. ప్రతి 3 డెసిబెళ్లు పెరిగితే ఆ సమయం సగానికి పడిపోతుంది. 90 దగ్గరికి వెళ్తే వారానికి 4 గంటలే. ఈ లెక్క గుర్తుంచుకోవడం కష్టమైతే, వాల్యూమ్ పట్టీ 60 శాతం దాటనివ్వకండి. ఐఫోన్ ఉన్నవాళ్లు హెల్త్ యాప్‌లో హెడ్‌ఫోన్ శబ్దం ఎంత ఉందో చూసుకోవచ్చు.

సరిచూసుకోవడానికి సులువైన దారి: ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాక, చేయి చాచినంత దూరంలో ఒకరిని మామూలు గొంతుతో మీ పేరు పిలవమనండి. వినిపిస్తే సరే. వినిపించకపోతే తగ్గించండి. చుట్టూ గోలగా ఉందని వాల్యూమ్ పెంచడం అందరూ చేసే తప్పే. గోల ఎక్కువైతే చెవిలో బాగా ఇమిడే రబ్బరు మొనలు మార్చండి, లేదా చుట్టూ శబ్దాన్ని తగ్గించే రకం హెడ్‌ఫోన్లు వాడండి. సాయంత్రానికి చెవుల్లో గుయ్ మంటోందంటే ఆ రోజు హద్దు దాటారు. రెండు మూడు రోజులైనా అది తగ్గకపోతే చెవి డాక్టర్‌కు చూపించండి.

మీటింగుల సంగతి. నాకు జరిగింది చెబుతాను, మీకు జరగకూడదని. నెలాఖరు లెక్కలు చూపిస్తూ స్క్రీన్ షేర్ చేశాను. షేర్ చేసేటప్పుడు "కంప్యూటర్ శబ్దం కూడా పంపు" అన్న గడి టిక్ అయి ఉంది. వెనక చేతి పని జాబితా నడుస్తోంది. నా చెవిలో ఇయర్‌ఫోన్లు లేవు, లాప్‌టాప్ స్పీకర్ మ్యూట్‌లో ఉంది కాబట్టి నాకేమీ వినపడలేదు. పద్నాలుగు మంది మాత్రం ఖర్చుల పట్టిక చూస్తూ రెండు చరణాలు పూర్తిగా విన్నారు. చివరికి మా పెద్దాయన "బాబూ, పల్లవి మళ్లీ వస్తుందా, ఆపేస్తావా" అని చాట్‌లో రాశారు. అప్పటినుంచి పాటలు ఫోన్‌లోనే వింటాను, మీటింగులు లాప్‌టాప్‌లో. రెండూ ఒకే యంత్రంలో పెట్టకండి. పెట్టక తప్పకపోతే, షేర్ నొక్కే ముందు ఆ గడి చూడండి.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో మీటింగ్ మొదలవగానే శబ్దం డబ్బాలోంచి వచ్చినట్టు మారిపోతే కంగారు పడకండి. మైకు పని చేయడం మొదలుపెట్టగానే చాలా సెట్లు తక్కువ నాణ్యత పద్ధతికి మారిపోతాయి. సెట్టింగుల్లో మైకుగా లాప్‌టాప్ మైకునే ఎంచుకుంటే సరిపోతుంది. లేదా డ్రాయర్‌లో వైరువి ఉన్నాయిగా.

ఇంటి దారి. కచేరీ చివర మధ్యమావతి రాగం పాడి ముగించినట్టు, పనిరోజుకు కూడా ఒక ముగింపు పాట పెట్టుకోండి. రోజూ అదే పాట, లేదా అదే రాగం. లాప్‌టాప్ మూసే ముందు రేపటి మొదటి పని కాగితం మీద ఒక్క లైను రాసి, ఆ పాట పెట్టి లేవండి. ఇంటి నుంచి పని చేసేవాళ్లకు ఇది ఇంకా అవసరం, ఎందుకంటే వాళ్లకు దారే లేదు. పాట అయ్యేదాకా వీధిలో ఒక చుట్టు తిరిగి రండి, దారి ఉన్నట్టే లెక్క.

7. తీరికను సమయం కొలతతో పెట్టుకోండి

"హాబీ ఏదైనా చెప్పండి" అంటారు. హాబీ పేరు చెప్పడం సులువే. మంగళవారం రాత్రి ఎనిమిదింటికి దాన్ని మొదలుపెట్టడం కష్టం. అందుకే నేను ఇష్టాలను బట్టి కాకుండా నిమిషాలను బట్టి పెట్టుకోమంటాను.

*రెండు నిమిషాలు:* ఇరవై అడుగుల దూరంలో ఏదైనా చూడటం. మెడ, భుజాలు తిప్పడం. ఎదుట ఉన్న కప్పునో మొక్కనో కాగితం ఎత్తకుండా ఒకే గీతతో గీయడం. బొమ్మ కుదరదు, నవ్వొస్తుంది, అదే కావాలి.

*పది నిమిషాలు:* ఒక చిన్న కథ. గళ్ల నుడికట్టు సగం. ఒక పాట పూర్తిగా, వేరే పనేమీ చేయకుండా, కళ్లు మూసుకుని. రోజంతా నేపథ్యంలో విన్నవాళ్లు ఇది చేసి చూడండి. అన్నాళ్లూ విన్న పాటలో వెనక తంబురా ఉందని మొదటిసారి తెలుస్తుంది. చిన్ననాటి స్నేహితుడికి వాయిస్ మెసేజ్ కాకుండా ఫోన్. "పది నిమిషాలే మాట్లాడతాను" అని ముందే చెప్పి చేస్తే వాళ్లూ తీస్తారు.

*అరగంట:* ఇక్కడ ఏదైనా నేర్చుకునేది పెట్టండి. చిన్న కీబోర్డు, వేణువు, బొమ్మలు, కొత్త లిపి, కుట్టుపని, చదరంగం. 2007లో సబీనె సొన్నెన్‌టాగ్, షార్లట్ ఫ్రిట్జ్ అనే పరిశోధకులు పని అలసటలోంచి తేరుకోవడాన్ని నాలుగుగా విడదీశారు: పనిని మనసులోంచి దించడం, సేదతీరడం, ఏదైనా నేర్చుకోవడం, ఆ సమయం మన ఇష్టప్రకారం నడవడం. సోఫాలో ఫోన్ చూస్తూ పడుకోవడంలో మహా అయితే రెండోది దొరుకుతుంది. ఆఫీసు గ్రూపు మెసేజీలు వస్తుంటే అదీ దొరకదు. అలసిపోయి ఉన్నప్పుడు నేర్చుకోవడమేంటి అనిపిస్తుంది, నిజమే. కానీ అలసింది లెక్కలు చూసిన బుర్ర, వేళ్లు కాదు.

*సగం రోజు:* సెలవుకు ఒకే ఒక్కటి. సంగీత కచేరీ, నాటకం, పుస్తకాల దుకాణం, పార్కులో నడక, ఎవరింటికైనా వెళ్లడం. రెండు పెట్టుకుంటే అది మళ్లీ ఆఫీసు షెడ్యూల్ అవుతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. ఏది ఎంచుకున్నా దాని సామాను బయటే, మీరు రోజూ కూర్చునే చోట, చెయ్యి చాస్తే అందేలా ఉంచండి. నుడికట్టు పుస్తకం సోఫా చేతి మీద, దాని మీద పెన్ను, పెన్ను మూత తీసి. నవ్వకండి, మూత సంగతి నిజంగానే చెబుతున్నాను. నేను రెండు నెలలు కీబోర్డును బీరువా పైన పెట్టి, ఒక్కరోజూ ముట్టుకోలేదు. బల్ల మీదికి దించి, వైరు గుచ్చే ఉంచాక ఆ వారమే నాలుగు రోజులు కూర్చున్నాను. ఫోన్‌ను మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, వేరే గదిలో ఛార్జింగ్‌కు పెట్టండి.

8. రాత్రికి

నిద్ర పాటలకు వాయిద్యం ఒక్కటే, వేగం తక్కువ, శబ్దం బాగా తక్కువ. నీలాంబరిని తరతరాలుగా జోలపాటల రాగమంటారు, దాంతో మొదలుపెట్టండి. ఆనందభైరవి కూడా బాగుంటుంది. చెవిలో ఇయర్‌ఫోన్లతో నిద్రపోవద్దు, చిన్న స్పీకర్ చాలు. అరగంట తర్వాత అదే ఆగిపోయేలా స్లీప్ టైమర్ పెట్టండి. ఐఫోన్‌లో అయితే గడియారం టైమర్ చివర మోగే శబ్దాల జాబితాలో అట్టడుగున "స్టాప్ ప్లేయింగ్" ఉంటుంది, ఏ యాప్‌లో పాట ఉన్నా ఆపేస్తుంది.

ఇది మీకు కుదరకపోతే

కౌంటర్‌లో కూర్చునేవాళ్లకు, రోజంతా ఫోన్లు ఎత్తేవాళ్లకు పనిలో పాటలు కుదరవు. మీరు దారి జాబితా, ముగింపు పాట మాత్రమే కట్టుకుని, మధ్యాహ్నం భోజనం తర్వాతి పది నిమిషాలకు ఒక పాట దాచుకోండి. రోజంతా మాటలు విన్నవాళ్లకు తిరిగివచ్చే దారిలో అసలేమీ వినకపోవడం కూడా మంచి ఎంపికే.

పాటలంటే ఆసక్తి లేనివాళ్లూ ఉంటారు, వాళ్లను బలవంతం చేయకూడదు. వాన చప్పుడు, ఫ్యాన్ హోరు లాంటి ఒకే తీరు శబ్దం పెట్టుకోవచ్చు. అదీ అక్కర్లేదంటే ఏడో అడుగు ఒక్కటి చేయండి.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

ఒక వారం, రోజు చివర ఈ మూడు ప్రశ్నలకు అవును, కాదు అని గుర్తు పెట్టండి.

- పని మధ్యలో పాట మార్చడానికి ఫోన్ ముట్టుకున్నానా? రోజుకు రెండుసార్లు మించితే జాబితాలో మీకు నిజంగా నచ్చనివి ఉన్నాయి. ఏ పాట దగ్గర చెయ్యి వెళ్లిందో దాన్ని అక్కడే తీసేయండి.
- ఏ పాట వచ్చిందో గుర్తుందా? మాటల పనిలో గుర్తు లేకపోవడమే మంచిది. అన్నీ గుర్తున్నాయంటే మీరు పని కంటే పాటే ఎక్కువ విన్నారు.
- పది నిమిషాల పని ఒక్కటైనా చేశానా? వారంలో మూడు "అవును"లు వస్తే బాగానే సాగుతోంది. ఒక్కటీ రాకపోతే తప్పు మీ బద్ధకానిది అనుకోకండి, సామాను ఎక్కడుందో వెళ్లి చూడండి.

ఇంకొక పరీక్ష: ఒకే రకం పనిని ఒకరోజు పాటతో, మర్నాడు పాట లేకుండా, అదే గంటలో చేసి చూడండి. ఎన్ని పేజీలు, ఎన్ని ఎంట్రీలు, ఎన్ని తప్పులు అని రాసుకోండి. కొందరికి మాటల పనిలో ఏ సంగీతమూ పనికిరాదని ఇక్కడ తేలుతుంది. అలా తేలితే ఆ జాబితా చెరిపేయండి. రెండు రోజుల లెక్కతో నిర్ణయించకండి, కనీసం మూడు జతలు చూడండి.

నెలకోసారి ప్రతి జాబితాలో ఐదు పాటలు తీసి ఐదు కొత్తవి వేయండి. తీసినవి పారేయకుండా "పాతవి" అని వేరే చోట దాచండి, ఆరు నెలల తర్వాత అవే కొత్తవి. ఈ మార్పిడి నెలాఖరు పనుల్లో మాత్రం పెట్టుకోవద్దు. మొదటి వారం దాటాక, సెలవు రోజున, ఫోన్ ఛార్జింగ్ ఇరవై శాతంలో ఉన్నప్పుడు కూర్చోండి. అది అయిపోయేలోపు లేవాల్సి వస్తుంది.